అత్యవసర నిధిని ఖాళీ చేసి సలూమ్ డెల్టాకు వెళ్లవద్దు

ప్రశ్న: మాది కాకినాడ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.35 లక్షలు వస్తాయి; ఇంటి రుణం ఈఎంఐతో సహా ఖర్చులు 95 వేలు. ఈ జనవరిలో ఆరేళ్ల పాపతో కలిసి పశ్చిమాఫ్రికా దేశం సెనెగల్‌లోని సలూమ్ డెల్టాకు, అక్కడి టుబకూటా గ్రామానికి వెళ్లాలనుకుంటున్నాం. అడ్వాన్సుగా 25 వేలు కట్టాను, ఇంకా 6.50 లక్షలు కావాలి. 2 లక్షల ఎఫ్‌డీని రద్దు చేసుకుని, మిగతా 4.50 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవాలా, బంగారం తాకట్టు పెట్టాలా?

జవాబు: రెండూ వద్దు. ఏ అప్పుకు వడ్డీ తక్కువన్న లెక్క మీరు జాగ్రత్తగానే వేసుకున్నారు గానీ, ఆ ఎఫ్‌డీ తప్ప మీ కుటుంబానికి అత్యవసర నిధి అంటూ మరొకటి ఉన్నట్టు మీ లేఖలో ఎక్కడా లేదు; దాన్నే ఖాళీ చేయబోతున్నారు. విదేశీ యాత్రల గురించి నాకు వచ్చే లేఖల్లో చాలావాటిలో ఇదే పొరపాటు కనిపిస్తోంది కాబట్టే దీనికి వివరంగా జవాబిస్తున్నాను.

అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చులకు సరిపడా, అంటే 5.70 లక్షలు చేతిలో ఉండాలి, ఉన్నవి 2 లక్షలే. అప్పు తీసుకుంటే నెలకు సుమారు 15,400 ఈఎంఐ తోడై, మూడేళ్లలో లక్షకు పైగా వడ్డీ పోతుంది. నెల ఖర్చు 1.10 లక్షలకు చేరుతుంది కాబట్టి ఉండవలసిన నిధి కూడా 6.60 లక్షలు దాటుతుంది. అంటే నిధి అవసరం పెరిగిన రోజునే మీ దగ్గర ఉన్నది సున్నా అవుతుంది. పన్నెండు రోజుల యాత్ర కోసం ఇంత ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. బంగారం తాకట్టు పెట్టినా జరిగేది ఇదే, పైగా గడువు దాటితే నగలు వేలానికి పోతాయి.

మీరు వెళ్లదలచుకున్న చోటును బట్టి చూసినా నిధి అవసరం మరింత పెరుగుతుంది. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ డెల్టాలో మడ అడవుల మధ్య పాయలను దాటి, తరతరాలుగా మనుషులు లోపలి మాంసం తిని పారపోసిన గవ్వలు గుట్టలుగా పేరుకున్న దీవులకు పిరోగ్ అనే పొడవాటి పడవల్లోనే వెళ్లాలి. కోరంగి మడ అడవులను చూస్తూ పెరిగిన మీకు దానిపై మనసు పడటం సహజమే. అయితే అక్కడ పాపకు తీవ్రమైన జబ్బు చేస్తే పడవలో ఒడ్డుకు చేరి, కావోలాక్ నగరానికో రాజధాని డకార్‌కో తీసుకెళ్లవలసి వస్తుంది. అందువల్ల రోగిని తరలించే ఖర్చు కూడా కలిసిన ట్రావెల్ ఇన్సూరెన్సే తీసుకోవాలి. అది ఉన్నా చాలా సందర్భాల్లో ముందు మన జేబులోంచి కట్టి, తర్వాత క్లెయిం చేసుకోవలసి ఉంటుంది.

అంతకన్నా ముఖ్యమైనది మలేరియా. దోమ కుట్టిన తర్వాత వారం నుంచి నెల రోజులకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా జ్వరం బయటపడవచ్చు, అంటే మీరు హైదరాబాద్ చేరి, ట్రావెల్ పాలసీ గడువు ముగిసిన తర్వాత. అప్పుడు మిమ్మల్ని ఆదుకోవలసింది ఇక్కడి ఆరోగ్య బీమా, అత్యవసర నిధి మాత్రమే. మీకున్నది కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఒక్కటే అయితే, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. అందుకే టికెట్ల కన్నా ముందు కుటుంబమంతటికీ కలిపి వర్తించే సొంత ఆరోగ్య బీమా (ఫ్లోటర్ పాలసీ) తీసుకోండి. మలేరియా మాత్రల గురించి వైద్యుడిని అడగండి. ఎల్లో ఫీవర్ టీకాను హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు, దాని ధ్రువపత్రం పదో రోజు నుంచే చెల్లుతుంది. అది లేకుండా భారత్‌కు తిరిగొస్తే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు.

నెలకు మిగిలే 40 వేలతో పది నెలల్లో నిధి పూర్తవుతుంది, ఆ తర్వాత పదహారు నెలలు దాస్తే యాత్రకు 6.40 లక్షలు చేరతాయి. కాబట్టి ఈ జనవరి బదులు రెండేళ్ల తర్వాతి జనవరికి ప్రణాళిక వేసుకోండి. ఆ నెలలో అక్కడ వర్షాలు ఉండవు. యాత్ర సొమ్మును రికరింగ్ డిపాజిట్‌లో పెట్టండి, షేర్లలో వద్దు. అక్కడి కరెన్సీ సీఎఫ్‌ఏ ఫ్రాంక్ విలువ యూరోకు 655.957 చొప్పున స్థిరంగా ముడిపడి ఉంది కాబట్టి, మీ ఖర్చు పెరగడం తగ్గడం యూరో-రూపాయి మారకం మీదే ఆధారపడుతుంది. పది శాతం అదనంగా దాచండి. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది, కాబట్టి గ్రామంలో పడవవాళ్లకు, బసకు ఇవ్వవలసిన నగదును డకార్‌లోనే డెబిట్ లేదా ఫారెక్స్ కార్డుతో తీసుకోండి. అదే యాత్రలో జోల్-ఫాదియూత్ అనే తీర పట్టణాన్ని కూడా చూడవచ్చు. సెనెగల్ తొలి అధ్యక్షుడు సెంఘోర్ 1906లో పుట్టింది జోల్‌లోనే. పక్కనున్న గవ్వల దీవి ఫాదియూత్‌లో క్రైస్తవులకూ ముస్లింలకూ ఒకటే శ్మశానం ఉంది.

కట్టిన 25 వేల అడ్వాన్సును తేదీ మార్చి వాడుకునే వీలుందేమో టూర్ సంస్థను లిఖితపూర్వకంగా అడగండి. వీలు లేదంటే, రద్దు రుసుము ఎంతైనా పోనివ్వండి. దాన్ని కాపాడుకోవడానికి లక్ష రూపాయల వడ్డీ కట్టవద్దు.