ఒక్కదానివే అండమాన్ పోతున్నావంట కదా

పాపా,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. అందులో ఇరవై నిమిషాలు మొసళ్ల గురించే. జనవరిలో నువ్వు ఒక్కదానివే అండమాన్ పోతున్నావంట, ఎట్లయినా మాన్పించమని నన్ను అడిగాడు. యాభై తొమ్మిదేళ్ల వయసులో అదే దీవికి ఒంటరిగా పోయొచ్చిన దాన్ని పట్టుకుని ఈ మాట అడిగాడంటే, మా తమ్ముడి తెలివి నీకు కొత్తగా చెప్పేదేముంది? నేను మాన్పించను. నాకు తెలిసింది చెప్తా, పనికొచ్చింది తీసుకో.

నేను పోయింది 2019 ఫిబ్రవరిలో. పోస్టాఫీసు ఉద్యోగానికి ఇంకో ఏడాది ఉంది, ఎల్‌టీసీ, అంటే సెలవు ప్రయాణానికి సర్కారిచ్చే ఖర్చు, వాడుకోకపోతే పోతుంది. మా లాంటి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు అప్పట్లో అండమాన్‌కు విమానం ఖర్చు ఇచ్చేవారు. మీ మామను రమ్మన్నా. ఆయనకు దూరప్రయాణమంటే మన జిల్లాలోనే ఉన్న కసాపురం ఆంజనేయస్వామి గుడి. 'మధ్యలో బస్సు ఆపమంటే ఆపుతారు, విమానం ఆపరు' అన్నాడు. సరే నువ్వు ఉండు, నేను పోతా అన్నా. అప్పుడు మొదలయ్యాయి చుట్టాల ఫోన్లు. తుఫాను, దొంగలు, మొసలి. ఒక్కటీ నా జోలికి రాలేదు. నన్ను తిప్పలు పెట్టినవన్నీ ఎవరూ నోరు తెరిచి చెప్పనివే.

మొసలి మాట మాత్రం అబద్ధం కాదు. అక్కడ ఉప్పునీటి మొసళ్లున్నాయి. మడ అడవుల దగ్గర, వాగులు సముద్రంలో కలిసే చోట తిరుగుతుంటాయి. బోర్డు పెట్టిన చోట, లైఫ్‌గార్డు వద్దన్న చోట నీళ్లలో దిగొద్దు. మీ నాన్నకు ఇంత చెప్తే చాలు.

విమానం బెంగళూరు నుంచి ఎక్కు. ఎయిర్‌పోర్టు దేవనహళ్లి దగ్గర, మన అనంతపురం రోడ్డు మీదే ఉంది కాబట్టి బెంగళూరు ఊళ్లోకి పోయే పని లేదు. నేను చేసిన తప్పు, పప్పుల పొడి, కారప్పొడి చేతి సంచిలో పెట్టుకోవడం. తనిఖీ దగ్గర ఒక అమ్మాయి ఇదేందని అడిగింది. చూపిస్తే పోలేదా అని మూత తీశా. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ తర్వాత అక్కడున్న ఐదారు మంది నన్ను పొమ్మని చేత్తోనే చెప్పారు, మాట్లాడే స్థితిలో ఎవరూ లేరు. డబ్బా అక్కడే ఉండిపోయింది. నువ్వు పొడులు, ఊరగాయ పెద్ద పెట్టెలో వేసి లోపలికి పంపు. బొరుగులు, వేయించిన చెనిక్కాయలు చేతిలో పెట్టుకో, వాటితో ఎవరికీ గొడవ లేదు.

నీ విమానం దిగే పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. టికెట్ మీద ఏ పేరున్నా కంగారు పడొద్దు. ఎందుకు చెప్తున్నానంటే, అక్కడి నుంచి పడవలో పోయే హేవ్‌లాక్ దీవికి 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. నేను పోయింది రెండు నెలలకే. నా చేతిలో చీటీ మీద హేవ్‌లాక్ అని ఉంది. పడవ ఆగింది, 'స్వరాజ్ ద్వీప్, స్వరాజ్ ద్వీప్' అని కేకేశారు, అందరూ దిగిపోయారు. మనది ఇంకా రాలేదు కదా అని నేను చెనిక్కాయలు తింటూ కూర్చున్నా. పడవ అక్కడి నుంచి నీల్ దీవికి పోతుందంట. తాడు విప్పేవాడు చూసి నా పెట్టె ముందు దించాడు, దాని వెనక నేను పరిగెత్తా.

ఆ పడవ సంగతి కూడా చెప్పాలి. మన ఆర్టీసీ బస్సుల అలవాటు కొద్దీ ఎక్కంగానే కిటికీ పక్కన టవల్ వేశా. సీటు నంబర్లున్నాయి, అది ఎవరో కొత్త పెళ్లికొడుకుది. పెద్దామె కదా అని ఇచ్చేశాడు. రెండు గంటల పైన ప్రయాణం. పావుగంటకు ఆ కిటికీలో ఒకసారి ఆకాశం, ఒకసారి నీళ్లు. అనంతపురం నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డులో కూడా నాకు ఎన్నడూ కడుపులో తిప్పలేదన్న గర్వం ఆ రోజుతో పోయింది. పెళ్లికొడుకే నాకు కవరు అందించాడు. నువ్వు కింది అంతస్తులో, నడిమధ్య సీటు చూసుకో, అక్కడ ఊపు తక్కువ. అరగంట ముందు వాంతుల మాత్ర వేసుకో, డాక్టర్ను అడిగి. ఉట్టి కడుపుతో పోవద్దు, బజ్జీలు తిని కూడా పోవద్దు.

గది మీ బావ బుక్ చేశాడు. తక్కువలో వచ్చిందని మురిసిపోయాడు. తలుపు తీస్తే మంచం మీద ఎర్రటి పూరేకులు, వాటి మధ్య టవళ్లతో చేసిన రెండు హంసలు, ముక్కుకు ముక్కు ఆనించుకుని. వాడు తీసుకున్నది హనీమూన్ ప్యాకేజీ! కౌంటర్ పిల్లోడు నా వెనక్కి చూశాడు, మనిషి ఇంకా వస్తాడేమోనని. 'అకేలీ' అన్నా, ఒక్కదాన్నే అని. నాకు వచ్చిన హిందీలో ఆ దీవిలో ఎక్కువసార్లు వాడిన మాట అదే. రాత్రి కొవ్వొత్తి పెట్టి ఇద్దరికి భోజనం తెచ్చారు. ఇద్దరిదీ నేనే తిన్నా, డబ్బు కట్టింది కదా. నువ్వు బుక్ చేసుకునేటప్పుడు ఎంతమందికో చూసుకో. గది అద్దె కంటే ముఖ్యం, జెట్టీకి ఎంత దూరమో అడుగు, రాత్రి కౌంటర్ దగ్గర మనిషి ఉంటాడా అని అడుగు. ఇంటికి రోజుకు ఒకే టైం చెప్పి ఆ టైంకే ఫోన్ చెయ్యి. లేకపోతే మీ అమ్మ గంటకోసారి టెన్షన్ పడుతుంది. సిగ్నల్ ఆగుతూ ఆగుతూ ఉంటుంది కాబట్టి, ఒక పూట ఫోన్ రాకపోతే ఏడవొద్దని ముందే చెప్పి పెట్టు. కొంత నగదు దగ్గర పెట్టుకో.

ఇప్పుడు అసలు కథ. నేను గదికి చేరేసరికి పొద్దు పదకొండు. కిటికీ ముందే సముద్రం, చెట్ల వేళ్ల దాకా నీళ్లు. పడవ తిప్పిన తల కదా, పడుకున్నా. నాలుగింటికి లేచి చూస్తే సముద్రం లేదు. నిజంగా లేదు పాపా. కనుచూపు మేరకు ఇసుక, నాచు, రాళ్లు, పక్కకు ఒరిగిన పడవలు. నాకు గుర్తొచ్చింది ఒకటే, 2004 సునామీ. అప్పుడు అలలు వచ్చే ముందు నీళ్లు వెనక్కి పోయాయని పేపర్లో చదివా. చెప్పులు లేకుండా, చేతిలో పర్సుతో 'భాగో, భాగో' అని అరుస్తూ రోడ్డెక్కా. అక్కడ టీ కొట్టు బెంగాలీ ఆమె నన్ను చూసింది, సముద్రాన్ని చూసింది, నవ్వలేక బెంచీ మీద కూర్చుండిపోయింది. ఆ కొట్టు ముందున్న కుక్క కూడా లేవలేదు.

ఆటుపోట్లు అంటే స్కూల్లో చదివాం, మార్కులు కూడా వచ్చాయి. కళ్లతో చూడటం వేరు. రోజుకు రెండుసార్లు నీళ్లు పెరుగుతాయి, రెండుసార్లు తగ్గుతాయి. ఆ టైం రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. నా గది ముందున్న ఐదో నంబరు బీచ్ లోతు లేని చోటు, అందుకే సముద్రం మొత్తం లేచిపోయినట్టు కనిపిస్తుంది. మనం కరువు సీమ వాళ్లం, ఏడాదంతా కలిపి యాభై ఐదు సెంటీమీటర్ల వాన చూసే అనంతపురం వాళ్లం. చెరువులో నీళ్లు పోతే మళ్లీ రావడానికి ఏళ్లు పట్టే చోట పుట్టినదానికి, సాయంత్రానికి తిరిగొస్తాయంటే ఎట్లా నమ్మకం కుదురుతుంది? పోయిన చోటనే కూర్చుని రెండు టీలు తాగి చూశా. ఏడు దాటాక వచ్చాయి. నువ్వు పోయిన రోజే గదివాళ్లను ఆటుపోట్ల వేళలు అడుగు, ఈతకు పోటు ఉన్నప్పుడే దిగు, తగ్గిన నీళ్లలో నడిస్తే పగడపు రాళ్లు కాళ్లు కోస్తాయి. చెప్పులు ఇసుకలో విడిచి పోవద్దు. నా ఒక జత ఇంకా బంగాళాఖాతంలోనే ఉంది. అయితే భూమి కంపించాక నీళ్లు హఠాత్తుగా వెనక్కి పోతే మాత్రం, టీ కొట్టామె నవ్వినా సరే, ఎత్తుకు పరిగెత్తు.

మరుసటి రోజు రాధానగర్. ఏడో నంబరు బీచ్ అంటారు, 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేలైనదని రాసింది. నేను మెల్లగా పొద్దు గూకేది చూద్దామని ఆరున్నర లెక్కేసుకుని బయల్దేరా. ఐదున్నరకే సూర్యుడు దిగిపోయాడు. గడియారం మనదే, దీవి మాత్రం మన ఊరికి పదిహేను డిగ్రీలు తూర్పున ఉంది. అంటే పొద్దు సుమారు గంట ముందు పొడుస్తుంది, గంట ముందు గూకుతుంది. జనవరిలో ఇంకా ముందే, ఐదుంబావుకు. నేను చేరేసరికి జనం తిరుగుముఖం పట్టారు, చీకట్లో ఆటో దొరకడానికి ముప్పావు గంట పట్టింది. నువ్వు మూడింటికల్లా అక్కడుండు, తిరుగు ఆటో ముందే మాట్లాడుకో.

ఆటో మాట వచ్చింది కాబట్టి, పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగులో ఎవరినీ తిట్టొద్దు. నేను అబర్డీన్ బజార్ దగ్గర, రేటు ఎక్కువ చెప్పాడని డ్రైవర్ను తీరిగ్గా మన భాషలో దీవించా. మొత్తం విని 'అలగంటారేటమ్మా, మాది సిక్కోలు' అన్నాడు. అక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. సెల్యులార్ జైలుకు అతనే తీసుకుపోయాడు, రేటు తగ్గించలేదు. జైలు చూడటానికి సగం రోజు పెట్టుకో. అక్కడ నవ్వే సంగతులు లేవు, ఈ ఉత్తరంలో రాయను.

గవ్వలు ఏరొద్దు. ఒక పెద్దది, బాగుందని టవల్లో చుట్టి సింకు పక్కన పెట్టా. అర్ధరాత్రి టిక్కు టిక్కు అని చప్పుడు. లైటు వేస్తే గవ్వ తలుపు వైపు నడుస్తోంది. లోపల పీత కాపురం ఉంది. ఒకరి ఇల్లు ఎత్తుకొచ్చిన పాపం తగిలిందని పొద్దున్నే తీసుకుపోయి వదిలేశా. ఎట్లైనా గవ్వలు, పగడాలు తెచ్చుకోనివ్వరు, ఎయిర్‌పోర్టులో పెట్టె చూస్తారు.

ఎలిఫెంట్ బీచ్‌లో మాస్కు పెట్టుకుని నీళ్లలోకి చూడటం వదులుకోవద్దు. ఈత రాకపోయినా టైరు పట్టుకుంటే పిల్లోడు లాక్కుపోతాడు, ముందు లైఫ్ జాకెట్ బిగించమను. చీర వద్దు, చుడీదారు కూడా గాలి పట్టి బుడగవుతుంది, పొట్టి బట్టలని మొహమాట పడకు. వెంట్రుక మాస్కు కింద ఉంటే నీళ్లొస్తాయి. నవ్వినా వస్తాయి, బుగ్గలు లేచి సందు ఇస్తాయి. నేను ఒక నారింజ రంగు చేపను చూశా. మొక్కలాంటి దాంట్లోంచి బయటకొచ్చి నా మీద ఎగిరి, మళ్లీ లోపల దాక్కుంటోంది. అచ్చం మా ఆఫీసులో ఒకాయన, కౌంటర్ వెనక నుంచి ఇట్లనే కసిరేవాడు. నవ్వాను. అర లీటరు సముద్రం లోపలికి పోయింది. లోతుకు దిగే డైవింగ్ చేస్తే మాత్రం, ఆ తర్వాత ఒక రోజు ఆగి విమానం ఎక్కు.

ఆదివారం ఇంటికి రా, పప్పుల పొడి కొట్టి పెడతా. మొసలి సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతా. ఇంకొకటి, నీ గదిలో కూడా హంసలుంటే విప్పక ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పంపు. నేను చూసుకోకుండా మొహం తుడుచుకున్నా. అప్పటి నుంచి మీ మామ తువ్వాలుతో చుట్టి చూస్తూనే ఉన్నా, ప్రతిసారీ బాతే అవుతోంది.

మీ అత్త