పెన్నీ ట్యాక్స్ రిన్యూ అవుతుందంట, మా జేబుకి ఎంత చిల్లు?

తమ్ముడూ, అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని సువానీలో దిగి మూడు నెలలే అయింది, అప్పుడే బ్యాలెట్ మీదికొచ్చే పెన్నీ ట్యాక్స్ గురించి అడుగుతున్నావు, సంతోషం. మా రోజుల్లో అడుగుదామంటే చెప్పేవాళ్ళే లేరు, అన్నీ చేతులు కాల్చుకునే నేర్చుకున్నాం.

నువ్వడిగిన పెన్నీ ట్యాక్స్ అసలు పేరు స్ప్లాస్ట్, అంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) వేసే 1 శాతం అమ్మకం పన్ను, డాలర్‌కి ఒక పెన్నీ, జార్జియాలో 1985 నుంచి ఉంది. రోడ్లు, పార్కులు, లైబ్రరీలు, ఫైర్ స్టేషన్ల లాంటి కట్టుబడి పనులకే వాడాలి, జీతాలకి వాడకూడదు. ఐదారేళ్ళకోసారి జనం మళ్ళీ ఓటేసి సరే అనాలి. గ్విన్నెట్ కౌంటీలో 2022 నవంబర్లో ఆరేళ్ళకి సరే అన్నారు. మిగతా రూల్స్ కౌంటీ సైట్లో ఉంటాయి చూసుకో.

ఇక నా సంగతి విను. 2012లో ఇల్లు కొన్నాక 2,400 డాలర్ల సోఫా సెట్ కొనాలనుకున్నాం. పక్కనున్న ఫోర్సైత్ కౌంటీలో మొత్తం అమ్మకం పన్ను 7 శాతం, గ్విన్నెట్ లో 6 శాతం అని తెలిసి, 24 డాలర్లు మిగులుతాయి కదా అని రెండు శనివారాలు రానూపోనూ 30 మైళ్ళు తిరిగి, మా ఆవిడ వద్దంటున్నా వినకుండా గ్విన్నెట్ షాపులోనే బుక్ చేశా. బిల్లు చూస్తే 7 శాతమే! కౌంటర్ దగ్గర అరగంట వాదించాను, మా అడ్రసు సువానీ అండీ, సువానీ అంటే గ్విన్నెట్ కదా అని. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది, సామాను ఇంటికి డెలివరీ చేస్తే పన్ను ఆ ఇల్లున్న చోటిదే పడుతుందంట, పైగా సువానీ అని రాసే ఇళ్ళన్నీ గ్విన్నెట్ లో ఉండవు, కొన్ని ఫోర్సైత్ లో, కొన్ని ఫుల్టన్ లో కూడా ఉంటాయి, మాది ఫోర్సైత్. పెట్రోలు దండగ, రెండు శనివారాలు దండగ, మా ఆవిడ ముందు తల ఎత్తుకోలేకపోయాను. అప్పట్లో ప్రతి డాలర్నీ రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ణి, నువ్వూ అదే చేస్తున్నావని నీ ప్రశ్న చూస్తేనే తెలుస్తోంది.

అందుకే లెక్క సరిగ్గా వెయ్యి. రిన్యూ అంటే కొత్తగా పెరిగేది లేదు, ఇప్పుడు కడుతున్నదే కొనసాగుతుంది, ఓడిపోతే 1 శాతం తగ్గుతుంది. అద్దె మీద ఈ పన్ను లేదు. కిరాణా మీద స్టేట్ 4 శాతం వెయ్యదు కానీ కౌంటీ వాటా పడుతుంది, ఫోర్సైత్ లో 20 డాలర్ల బియ్యం బస్తాకి 60 సెంట్లు, అందులో స్ప్లాస్ట్ వాటా 20 సెంట్లు. పన్ను పడే ఖర్చు నెలకి 2,000 డాలర్లనుకుంటే స్ప్లాస్ట్ నెలకి 20, ఏడాదికి 240. నీ జీతానికి అదేం ప్రాణాంతకం కాదు, వారానికి మూడుసార్లు బయట తినడం ఆపు ముందు, హోటల్ బిల్లు మీద పూర్తి పన్ను పడుతుంది. స్ప్లాస్ట్ లేకపోతే రోడ్లు ఆగవు, ఆ డబ్బు ప్రాపర్టీ ట్యాక్స్ లోంచి లాగుతారు, రేపు ఇల్లు కొన్నాక తెలుస్తుంది ఆ నొప్పి. పెన్నీ అయితే బయటి ఊళ్ళ నుంచి వచ్చి కొనేవాళ్ళూ కడతారు, అందుకే నేను సిటిజన్ అయ్యాక ప్రతిసారీ సరే అనే వేశాను.

కానీ ఒకటి గట్టిగా చెప్తున్నా, హెచ్1 మీదున్నా గ్రీన్ కార్డున్నా నీకు ఓటు లేదు. డ్రైవర్ లైసెన్స్ తీసుకునేటప్పుడు ఓటర్ రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తే చదవకుండా అవును అని పెట్టకు, ఇమ్మిగ్రేషన్ లో దేశం దాటించేదాకా వెళ్తుంది. కౌంటీ మీటింగులకి వెళ్ళి మాట్లాడటానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు, మీ అపార్ట్‌మెంట్ ముందు ఫుట్‌పాత్ కావాలంటే అక్కడ అడుగు.

ఈసారి రాసేటప్పుడు సువానీ అని కాకుండా ఏ కౌంటీయో రాయి, అప్పుడు బిల్లు లెక్క నేనే వేసి పెడతా.