ఎడ్గర్ ఏలన్ పో మీద ఒక్క నటుడే ఆడే హారర్ నాటకం నిజంగా భయపెడుతుందా?

టికెట్ కొన్నానని, కానీ దెయ్యం లేకుండా, రక్తం లేకుండా ఒక్క మనిషి గంటన్నర సేపు మాట్లాడుతుంటే భయం ఎందుకు వేస్తుందని అడిగారు. వేస్తుంది. కాకపోతే మీరు ఎదురుచూసే చోట వేయదు.

నేను అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక చిన్న నాటక బృందానికి శని, ఆదివారాల్లో లైట్లు, సౌండు చూసేవాడిని. భయపెట్టే కథలు, కవితలు రాసిన అమెరికన్ రచయిత పో 1849 అక్టోబరు 7న, నలభై ఏళ్ల వయసులో చనిపోయింది ఆ ఊరిలోనే. సమాధి కూడా అక్కడే ఉంది. ఆయన మీద నాటకం వేయడానికి అంతకంటే కారణం ఏం కావాలి? మా సామాను ఒక బల్ల, ఒక కుర్చీ, కాగితాల కట్ట, సీసా, గ్లాసు. సీసాలో ఉండేది నేను కాచి చల్లార్చిన పాలు లేని టీ.

చిన్నప్పుడు బడిలో నేనూ దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చేశాను. మయసభలో దుర్యోధనుడు ఒంటరి. ఎదురుగా జనం కూర్చున్నారని అతనికి తెలియదు. పో నాటకాల్లో పద్ధతి వేరు. ఆయన నిజజీవితంలోనే ఊరూరా ఉపన్యాసాలిచ్చి, కవితలు చదివి నాలుగు డాలర్లు సంపాదించుకున్న మనిషి. అందుకని మిమ్మల్ని కూడా 1848లో ఆయన ఉపన్యాసానికి వచ్చిన శ్రోతను చేసేస్తారు.

ఈ కిటుకును గట్టిగా వాడుకున్నది నటుడు జెఫ్రీ కూంబ్స్ 2009లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన ‘నెవర్‌మోర్’ నాటకం. డెనిస్ పావోలీ రాశారు, స్టువర్ట్ గార్డన్ దర్శకుడు. అందులో శ్రోతల మధ్య సారా హెలెన్ విట్‌మన్ ఉన్నట్టే పో మాట్లాడతాడు. ఆమె కల్పిత పాత్ర కాదు, ప్రావిడెన్స్‌లో ఉండిన కవయిత్రి. భార్య వర్జీనియా 1847 జనవరిలో క్షయతో పోయాక పో పెళ్లాడాలనుకున్నది ఈమెనే. తాగుడు మానితేనే పెళ్లి అంది. 1848 డిసెంబరులో ఆయన మాట తప్పాడు, పెళ్లి ఆగిపోయింది. మా నాటకం కూడా ఈ చరిత్రనే పట్టుకుంది. చెయ్యి గ్లాసు వైపు వెళ్లినప్పుడల్లా హాలంతా బిగుసుకుపోయేది. అందులో ఉన్నది టీ అని తెలిసిన నాకే వెనకనుంచి “వద్దయ్యా” అనాలనిపించేది. (అలాగని ఆయన్ని మొదటినుంచి చివరిదాకా తాగుబోతుగానే చూపించే నాటకాలంటే నాకు చిరాకు. చనిపోయిన రెండో రోజుకే, ఆయనంటే పడని సంపాదకుడు గ్రిస్‌వోల్డ్ మారుపేరుతో కసిగా వ్యాసం రాసి పరువు తీశాడు. ఆ పని మళ్లీ మనం చేయనక్కరలేదు.)

ఇక గుండె చప్పుడు సంగతి. ‘ది టెల్-టేల్ హార్ట్’ కథలో ముసలివాడిని చంపి నేల చెక్కల కింద దాచినవాడికి, పోలీసుల ఎదుట కూర్చుని ఉండగా ఆ గుండె కొట్టుకోవడం వినిపిస్తుంది. దానికోసం నేను ఎంతో మురిసిపోతూ ఒక చప్పుడు తయారు చేశాను, మెల్లగా మొదలై కుర్చీలు అదిరేలా. మొదటి రోజు అది మోగగానే జనం తలలు తిప్పి స్పీకర్ ఎక్కడుందా అని వెతికారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. రెండో రోజు సరిగ్గా ఆ సమయానికి సౌండు మొరాయించింది. నాకు చెమటలు పట్టాయి. నటుడు మాత్రం ఆగి, తల కాస్త వంచి, నేల వైపు చెవి పెట్టాడు. హాలులో చడీచప్పుడు లేదు. ముందు వరసలో ఒకావిడ మెల్లగా రెండు కాళ్లూ కుర్చీ మీదకి తీసుకుంది.

అప్పుడు తెలిసింది నా పొరపాటు. ఆ చప్పుడు మనకూ వినిపిస్తే అతనికి మతి బాగానే ఉందన్నమాట, ఇక భయం దేనికి? ఆ రోజు తర్వాత ఆ చప్పుడు మళ్లీ వేయలేదు.

అయితే నన్ను ఇంటిదాకా వెంటాడింది అది కాదు, ‘ది రావెన్’. 1845 జనవరిలో అచ్చయి పోకు పేరు తెచ్చిన కవిత. తర్వాత ఎక్కడికి వెళ్లినా అదే చదవమనేవారు, మన హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలకు వన్స్ మోర్ కొట్టినట్టు. పోయిన ప్రియురాలి కోసం ఏడ్చే కవిత అది. రాసేనాటికే వర్జీనియా జబ్బుతో ఉంది. ఆమె పోయాక కూడా ఆ నూట ఎనిమిది పాదాలూ జనం ముందు చదవాలి, డబ్బుకోసం. మా నాటకంలో పో కాగితం పక్కన పెట్టేసి వెళ్లబోతాడు, తలుపు దాకా వెళ్లి మా వైపు చూస్తాడు. ప్రతి రాత్రీ ఎవరో ఒకరు చప్పట్లు కొట్టి వెనక్కి పిలిచేవారు.

మీరు ముందుగా చదవాలంటే ‘ది టెల్-టేల్ హార్ట్’ ఒక్కటి చదవండి, పావుగంట పని. ‘ది రావెన్’ మాత్రం అక్కడే వినండి. సీటు ఎంచుకునే వీలుంటే మూడో వరస మధ్యలో కూర్చోండి. చేతుల వణుకు కనిపించాలి, టీ వాసన రాకూడదు.