పాలమూరు చల్కలో ఖర్జూరం: చలికి భయం లేదు, వానకే జాగ్రత్త

ప్రశ్న: నేను ఎనిమిదేళ్లు మస్కట్ దగ్గర ఖర్జూర తోటలో పనిచేసి ఊరికి తిరిగి వచ్చాను. కల్వకుర్తి ప్రాంతంలో నాకు ఐదెకరాల ఎర్ర చల్కా భూమి, రెండు బోర్లు ఉన్నాయి. ఒక బోరు నీరు కొంచెం ఉప్పగా ఉంటుంది. ఖర్జూరం వేద్దామనుకుంటే, ఇక్కడ పుష్య మాసపు చలికి మొక్కలు చస్తాయని ఊళ్లో అందరూ అంటున్నారు. పైగా వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. వేయవచ్చా?

జవాబు: తోటలో చేతులారా పనిచేసి వచ్చిన మీ అనుభవం ఎంతో విలువైనది. అయితే అక్కడి ఆకాశం వేరు, ఇక్కడి ఆకాశం వేరు కాబట్టి, పని అంతా మీకు తెలిసినదే అయినా దాని వేళలను మాత్రం మళ్లీ లెక్క వేసుకోవలసి ఉంటుంది.

ముందుగా చలి సంగతి చూద్దాం. ఖర్జూరం ఎడారి చెట్టు. ఎడారిలో పగలు ఎంత మండుతుందో, చలికాలపు రాత్రి అంత వణికిస్తుంది. ఎదిగిన చెట్టు సున్నా డిగ్రీల కంటే కిందికి పోయే చలిని కూడా తట్టుకుంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగినప్పుడు ఎదుగుదల మందగించి, ఇంకా తగ్గితే ఆగుతుందే తప్ప చెట్టు చావదు. మన ప్రాంతంలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది, పన్నెండు డిగ్రీలకు దిగినా, తెల్లవారి ఎండ రాగానే వేడెక్కుతుంది కాబట్టి ఆ చలి వల్ల తోట పోతుందన్న మాటలో నిజం లేదు. లేత మొక్కలకు మాత్రం మొదటి రెండు చలికాలాల్లో కొంత ఆసరా కావాలి. మొక్క చుట్టూ గోనెపట్టా కట్టి పైభాగాన్ని తెరిచి ఉంచండి, సాయంత్రం పూట పలుచగా తడి ఇవ్వండి, నవంబరు నుంచి జనవరి చివరి వరకు యూరియా వేయకండి. నాటడానికి నవంబరు, డిసెంబరు నెలలు పనికిరావు. ఫిబ్రవరి చివర గానీ, తొలకరి వానలు నిలదొక్కుకున్న తరువాత గానీ నాటితే వేర్లు త్వరగా పడతాయి.

అసలు చిక్కు కాయ దగ్గర ఉంది. మన గట్ల మీద, వాగుల వెంబడి వాటంతట అవే మొలిచే ఈతచెట్లు ఖర్జూరానికి దాయాదులే. రెండూ ఫీనిక్స్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. ఈతపండ్లు తొలకరికి అటూ ఇటూగా పండుతాయని మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఖర్జూరం లెక్క కూడా ఇంచుమించు అదే. నీడలో ఉష్ణోగ్రత పద్దెనిమిది డిగ్రీలు దాటితే పూత కదులుతుంది. మన దగ్గర జనవరి చివర, ఫిబ్రవరిలో పొత్తులు, అంటే పూగుత్తిని మూసి ఉంచే తొడుగులు, వస్తాయి. అక్కడి నుంచి కాయ పచ్చదనం పోయి పసుపు రంగుకు తిరగడానికి సుమారు ఐదు నెలలు పడుతుంది. అంటే ఆరుద్ర, పునర్వసు కార్తెలు. నైరుతి ఋతుపవనాలు మనలను చేరే వేళ, కాయ తీపి పట్టే వేళ ఒక్కటే అవుతున్నాయి. మస్కట్ పరిసరాల్లో కాయ పండే నెలల్లో వాన దాదాపు ఉండదు కాబట్టి అక్కడ కాయను చెట్టు మీదే మెత్తబడనిచ్చి, ఎండనిచ్చి కోస్తారు. ఇక్కడ ఆ పని చేయబోతే రెండు రోజుల ముసురుకే కాయ పగిలి, పులిసి, బూజు పట్టి గెలంతా చేతికి రాకుండా పోతుంది. కనుక ఎండు ఖర్జూరం చేయాలన్న ఆలోచనను, దానితో పాటు మెడ్జూల్ వంటి రకాలను మొదటే విడిచిపెట్టండి.

దీనికి దారి గుజరాత్‌లోని కచ్ రైతులు చాలా కాలం క్రితమే చూపించారు. వారికీ వానలు ఇదే సమయంలో వస్తాయి కాబట్టి కాయ గట్టిగా, కరకరలాడుతూ ఉన్న దశలోనే గెలలు కోసి తాజా పండుగా అమ్ముతారు. మీరు అరబ్బుల నోట విన్న ఖలాల్ దశ అదే. చాలా రకాల కాయలు ఆ దశలో వగరుగా ఉంటాయి. ఇరాక్‌లోని బస్రా ప్రాంతంలో పుట్టిన బర్హీ రకం మాత్రం పసుపు రంగుకు తిరగగానే వగరు విడిచి తియ్యగా ఉంటుంది. మీ భూమికి నేను సూచించేది ఈ ఒక్క రకాన్నే. బర్హీని ఎంచుకున్నా వాన బెడద పూర్తిగా తీరదు. కోతలో కొంత భాగం వానల్లోకి పోనే పోతుంది. కాయ పసుపు తిరగడం మొదలు కాగానే గెలకు గాలి ఆడే గుడ్డ సంచి గానీ, కింద తెరిచి ఉన్న మైనపు కాగితపు తొడుగు గానీ కట్టండి. అడుగు మూసిన ప్లాస్టిక్ సంచి కడితే లోపల ఆవిరి పట్టి వాన కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. నీటిని తగ్గించండి. గెలలో ఎక్కువ భాగం రంగు తిరిగితే, మబ్బు పట్టిన రోజున మరో వారం ఆగుదామన్న ఆశ పెట్టుకోకుండా కోసివేయండి.

వాన ఇంకొక చోట కూడా దెబ్బ తీస్తుంది. దాన్ని చాలామంది గమనించరు. ఖర్జూరంలో ఆడచెట్టు, పోతుచెట్టు వేరువేరు కాబట్టి గాలికి వదిలేస్తే కాపు నిలవదు, చేత్తో పుప్పొడి పట్టించాలి. ఆడ పొత్తి పగిలిన మూడు, నాలుగు రోజుల లోపు పోతుపూల రెమ్మలు రెండు మూడు తీసి, ఆడపూల మధ్య తలకిందులుగా పెట్టి వదులుగా కట్టడం మీరు చేసిన పనే. ఫిబ్రవరి, మార్చిలో మన దగ్గర అకాల వాన, ఒక్కొక్కసారి వడగళ్లు పడతాయి. పుప్పొడి పట్టించిన కొద్ది గంటల్లోనే వాన పడితే ఆ పుప్పొడి కొట్టుకుపోయినట్టే భావించి మరునాడు మళ్లీ పట్టించాలి. అందుకే ఎకరానికి రెండు మూడు పోతుచెట్లు పెంచుకోవడంతో పాటు, పుప్పొడిని నీడలో ఆరబెట్టి, తేమ తగలని సీసాలో ఫ్రిజ్‌లో దాచుకోండి. అవసరానికి ఈత పుప్పొడి కూడా పనిచేస్తుంది గానీ, ఖర్జూరంలో పుప్పొడిని బట్టి కాయ సైజు మారే గుణం ఉంది, ఈత పుప్పొడితో కాయ చిన్నది కావచ్చు. దాన్ని ఆపద్ధర్మంగానే వాడండి.

మొక్కల విషయంలో గింజ నుంచి పెంచవద్దు. వాటిలో సగం పోతుచెట్లే అవుతాయి, ఆ సంగతి పూత వచ్చేదాకా తెలియదు. ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచిన టిష్యూకల్చర్ మొక్కలే తీసుకోండి. కానీ ఒక హెచ్చరిక: టిష్యూకల్చర్ బర్హీలో అక్కడక్కడ తేడా మొక్కలు వస్తాయి. పూత వస్తుంది గానీ కాయ సరిగా కట్టదు, గింజలేని గుత్తికాయలు మూడేసి కలిసి వస్తాయి. మొక్కకు వేలల్లో ధర పెడుతున్నారు కాబట్టి, అటువంటివి తేలితే మార్చి ఇస్తామని అమ్మేవారి చేత రాయించుకున్న తరువాతనే డబ్బు చెల్లించండి. నాలుగో ఏట కొద్దిగా కాపు కనిపించినా, లెక్కకు వచ్చే దిగుబడి ఐదారు సంవత్సరాల తరువాతే.

చల్కా నేల ఖర్జూరానికి అనుకూలమే. అయితే మన చల్కల్లో రెండడుగుల కింద మొరం పొర తగులుతుంది కాబట్టి మీటరు పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి ఆ పొరను పగులగొట్టండి. ఎనిమిది మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 62 మొక్కలు పడతాయి. మొదటి ఐదేళ్లు సాళ్ల మధ్య వేరుశనగ, పెసర, కంది వేసుకోవచ్చు. ఉప్పు బోరు గురించి దిగులు పడకండి. పండ్లచెట్లలో ఉప్పును ఖర్జూరమంత ఓర్చుకునేది మరొకటి లేదు. నీటి పరీక్షలో విద్యుత్ వాహకత, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో తెలిపే లెక్క, మీటరుకు 4 డెసీసైమన్ల లోపు ఉంటే పెద్ద చెట్లకు పారించవచ్చు. లేత మొక్కలకు మాత్రం మంచి బోరు నీరే ఇవ్వండి. ఎడారి చెట్టు కదా అని నీరు తగ్గించడం పొరపాటు, ఎదిగిన చెట్టుకు నడి వేసవిలో రోజుకు 150 నుంచి 200 లీటర్లు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మీ రెండు బోర్లు కలిపి ఎంత పోస్తాయో కొలిచి, ఆ నీటిని బట్టే ఎన్ని చెట్లు పెట్టాలో నిర్ణయించండి.

చుట్టుపక్కల తాటి, ఈత వనాలు ఉన్నాయి కాబట్టి కొమ్ము పురుగు తప్పక వస్తుంది. అది మొవ్వును తొలిచిన గాయాల్లోకి ఎర్ర ముక్కు పురుగు చేరితే చెట్టునే చంపుతుంది. కొమ్ము పురుగు పెంటకుప్పల్లో పుడుతుంది; తోట పక్కన పెంటకుప్ప ఉంచకండి, ఉంచక తప్పకపోతే ఆ పురుగును చంపే మెటారైజియం అనే శిలీంధ్రపు పొడిని కుప్పలో కలపండి. ఒక వంతు వేపపిండికి రెండు వంతుల ఇసుక కలిపి మొవ్వు చుట్టూ మట్టల సందుల్లో వేయండి. మట్టలు కోసిన చోట పచ్చి గాయం వదలకుండా మందు పూత పూయండి.

ఐదెకరాలూ ఒకేసారి పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. తాజా ఖర్జూరం గది వేడిలో కొద్ది రోజులకే మెత్తబడుతుంది, కోసిన మరునాటికి హైదరాబాద్ మార్కెట్‌కు చేర్చగలగాలి. ఈ సంవత్సరం అర ఎకరంలో 30 మొక్కలు, అందులో రెండు పోతుమొక్కలు నాటండి. నాటేలోపు మట్టిని, రెండు బోర్ల నీటిని వేరువేరుగా పరీక్షకు ఇవ్వండి. పాలెం పరిశోధనా స్థానం మీకు దగ్గరే. నాటిన నాటి నుంచి జనవరి మొదలు ఆగస్టు వరకు మీ చేలో వాన పడిన తేదీలను ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండండి. మొదటి కాపు వచ్చేనాటికి నాలుగేళ్ల తేదీలు మీ చేతిలో ఉంటాయి, మిగిలిన నాలుగున్నర ఎకరాల సంగతి వాటిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.