ఇంటర్న్‌షిప్ చేసిన కొడుకు డిపెండెంటేనా?

ప్రశ్న: మాది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. మా అబ్బాయికి 20 ఏళ్లు, ఇక్కడే పుట్టాడు, ఆస్టిన్‌లో ఇంజినీరింగ్ రెండో ఏడాది. 2025 వేసవి ఇంటర్న్‌షిప్‌లో 14,200 డాలర్లు సంపాదించాడు. ఐదు వేలు దాటితే ఇక పన్ను లెక్కలో మా మీద ఆధారపడిన డిపెండెంట్ కాడని ఆఫీసులో అంటున్నారు. ఈలోగా మావాడు మాకు చెప్పకుండానే ఫోన్‌లో ఏదో యాప్‌తో రిటర్న్ వేసేశాడు. కట్ అయిన ఫెడరల్ ట్యాక్స్ 900 డాలర్లు వెనక్కి వస్తుందట. మా దంపతుల ఆదాయం 2,10,000. మేం వాణ్ని చూపించుకోవచ్చా, లేక చేయి దాటిపోయిందా?

జవాబు: చూపించుకోవచ్చు. చేయి దాటలేదు, కాకపోతే ఒక ఫారం ఎక్కువ పని పడింది.

ముందు ఆ ఐదు వేల సంగతి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, ఈ మాట ఏటా మార్చి నెలలో ఒకరి నోటినుంచి ఒకరికి పాకుతూనే ఉంటుంది. అది పూర్తిగా పుకారూ కాదు. 2025కి 5,200 డాలర్ల పరిమితి నిజంగానే ఉంది. కానీ అది 'క్వాలిఫైయింగ్ రిలేటివ్' అనే వేరే తరగతికి, అంటే మీ ఇంట్లో ఉండే పెద్దవాళ్లకో, 24 దాటిన పిల్లలకో. మీవాడు 'క్వాలిఫైయింగ్ చైల్డ్'. డిసెంబరు 31 నాటికి 24 నిండకుండా, ఏడాదిలో ఏ ఐదు నెలలైనా ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉంటే చాలు, ఈ తరగతిలో సంపాదనకు పరిమితే లేదు. డార్మ్‌లో ఉన్న రోజుల్ని కూడా మీ ఇంట్లో ఉన్నట్టే లెక్కేస్తారు.

అడిగేది ఒక్కటే: తన పోషణ ఖర్చులో సగానికి మించి వాడే పెట్టుకున్నాడా? ఇక్కడ చాలామంది జీతం చూసి భయపడతారు. చూడాల్సింది జీతం కాదు, అందులో వాడు తన మీద ఖర్చు పెట్టింది. బ్యాంకులో దాచుకున్నది పోషణ కిందికి రాదు. ఉదాహరణకి ఫీజు, డార్మ్, తిండి, కారు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడాదికి 37,000 అయ్యాయనుకుందాం. అందులో 6,000 స్కాలర్‌షిప్ అయితే దాన్ని వాడి వాటాగా చూడరు. మిగిలింది 31,000. జీతంలోంచి 4,000 ఖర్చు పెట్టాడు, వాడి పేరు మీద 6,500 స్టూడెంట్ లోన్ తీసుకున్నాడు అనుకోండి. పిల్లవాడి పేరున ఉన్న లోన్ వాడి డబ్బే. మీరు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్ అయితే మీది. అప్పుడు వాడి వాటా 10,500, సగం 15,500. ఇబ్బంది లేదు. మీ అసలు అంకెలు ఒక కాగితం మీద వేసి దాచుకోండి, ఎప్పుడైనా ఉత్తరం వస్తే అదే మీకు సాక్ష్యం.

ఇక వేసేసిన రిటర్న్. 'ఇంకొకరు నన్ను డిపెండెంట్‌గా చూపించుకోవచ్చు' అన్న గడిలో మీవాడు టిక్ పెట్టి ఉండడు. పిల్లలంతా చేసే పొరపాటే. రిఫండ్ చేతికి వచ్చాక 1040-ఎక్స్ అనే సవరణ ఫారం వేసి సరిచేయమనండి. దానివల్ల వాడికి నష్టమేమీ లేదు. డిపెండెంట్ అయినా సంపాదనకు 450 కలిపినంత, అంటే 14,650 దాకా పన్ను పడకుండా తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ ఉంటుంది. పన్ను సున్నా, ఆ 900 వాడిదే. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పోయింది మాత్రం ఎలాగూ తిరిగి రాదు.

మీకు దక్కేది 500 డాలర్ల క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గేది. కాలేజీ ఫీజు మీద 2,500 దాకా వచ్చే అమెరికన్ ఆపర్చ్యునిటీ క్రెడిట్ మీకు రాదు, దంపతుల ఆదాయం 1,80,000 దాటితే అది పూర్తిగా పోతుంది. అయితే మీరు వాణ్ని చూపించుకోకుండా వదిలేస్తే, ఆ క్రెడిట్ వాడు తన రిటర్న్‌లో తీసుకోవచ్చు. మీరు కట్టిన ఫీజు కూడా వాడే కట్టినట్టు లెక్క. ఈ ఏడాది అందులో లాభం లేదు, వాడికి పన్నే లేనప్పుడు దేన్ని తగ్గించుకుంటాడు? అదే 30,000 సంపాదించి ఉంటే, 2025 రేట్ల ప్రకారం పన్ను దాదాపు 1,470 పడేది. ఆ క్రెడిట్‌తో అదంతా తుడిచిపెట్టుకుపోయేది. మీరు 500 వదులుకున్నా ఇంటికి దాదాపు 970 మిగిలేది. మీరు వదిలేసిన ఏడాది కూడా వాడు ఆ గడిలో టిక్ పెట్టాల్సిందే. వచ్చే వేసవిలో జీతం పెరిగితే ఈ లెక్క మళ్లీ వేయండి.

మీవాడు ఇక్కడ పుట్టాడు కాబట్టి మీకు లేని చిక్కొకటి చెప్పాలి. మీ ఆఫీసులో హెచ్-1బి వాళ్లు ఉండే ఉంటారు, వాళ్లకు పనికొస్తుంది. వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసాలో పెరిగిన పిల్లలు చాలామంది 21 నిండేలోపు విద్యార్థి వీసా ఎఫ్-1కి మారతారు. మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఎఫ్-1లో గడిపిన రోజుల్ని నివాస పరీక్షలో, అంటే పన్నుకు రెసిడెంటా కాదా అని తేల్చే రోజుల లెక్కలో, లెక్కపెట్టరు. దాంతో ఏడాది పొడుగునా ఎఫ్-1లో ఉన్న పిల్లలు పన్ను చట్టానికి నాన్‌రెసిడెంట్లు. అదే గదిలో పడుకుంటారు, అన్నీ నాన్నే కడతాడు, అయినా డిపెండెంట్‌గా చూపించకూడదు. పిల్లలు 8843 ఫారం వేయాలి, సంపాదన ఉంటే నాన్‌రెసిడెంట్ల రిటర్న్ అయిన 1040-ఎన్‌ఆర్ కూడా. చాలా సాఫ్ట్‌వేర్‌లు ఈ వీసా మార్పు సంగతి గట్టిగా అడగవు, అందుకే ఏళ్ల తరబడి తప్పు రిటర్న్‌లు వెళ్లిపోతుంటాయి.

డిపెండెంట్ కాకపోతే హెల్త్ ఇన్సూరెన్స్ పోతుందేమోనన్న భయం అక్కర్లేదు. 26 ఏళ్లదాకా మీ ప్లాన్‌లో ఉంచుకోవడానికీ పన్నుకూ సంబంధం లేదు. కాలేజీ ఆర్థిక సాయానికి వేసే ఫాఫ్సా దరఖాస్తులో డిపెండెంట్ నిర్వచనం కూడా వేరే.

మీ రిటర్న్ మామూలుగా ఈ-ఫైల్ చేస్తే వాడి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇప్పటికే వాడేశారని తిరిగొస్తుంది. పన్నుల శాఖ ఐఆర్ఎస్ సైట్‌లో మీ పేరున ఐపీ పిన్ అనే ఆరంకెల గుర్తింపు నంబర్ తీసుకుని, దాంతో ఏప్రిల్ 15 లోపు వేయండి, తీసుకుంటారు. వాడి 1040-ఎక్స్ తర్వాత వెళ్లినా ఫర్వాలేదు, వెళ్లడం మాత్రం మర్చిపోకూడదు.