విచ్ఛేదనం, ఛేదన, పరిచ్ఛేదం... అన్నీ ఒకటేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చదువుతోంది. ‘విచ్ఛేదనం’ అంటే కోసి చూడటం అని చెప్పింది. పేపర్లోనేమో ‘కేసును ఛేదించిన పోలీసులు’, క్రికెట్ వార్తల్లో ‘లక్ష్య ఛేదన’ అని ఉంటోంది. ఇవన్నీ ఒకటేనా అండీ? కొందరు ‘చేధించు’ అని రాస్తున్నారు, ఏది రైటు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు స్పెల్లింగ్ సంగతి. ‘చేధించు’ తప్పండీ, ఎంత పెద్ద హెడ్డింగులో వేసినా తప్పే. సంస్కృతంలో ‘ఛిద్’ అంటే కోయడం, అందుకే మొదట ఒత్తు ఛ, తర్వాత మామూలు ద. ‘ఛిన్నాభిన్నం’లో ఛిన్న, బతుకు ఛిద్రమైందంటామే ఆ ఛిద్రం కూడా దీన్నుంచి వచ్చినవే.

అర్థాలు మాత్రం చాలా దూరం వెళ్లాయి. అర్జునుడు మత్స్యయంత్రాన్ని ఛేదించాడు అంటాం, క్రికెట్‌లో లక్ష్య ఛేదన కూడా ఆ వరసే. కేసు విషయంలో చిక్కుముడి విప్పడమన్న మాట. పాత పుస్తకాల్లో అధ్యాయాన్ని ‘పరిచ్ఛేదం’ అన్నారు, అంటే చుట్టూ గీత గీసి విడదీసిన భాగం. నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది ‘పదచ్ఛేదం’. మన ఊరి సంస్కృత కళాశాలలో చదివినవాళ్లెవరినైనా అడగండి, శ్లోకం ఇవ్వగానే ముందు పదాలు విడదీస్తారు, ‘నాస్త్యేవ’ను న, అస్తి, ఏవ అని మూడు చేశాకే అర్థం జోలికి వెళ్తారు. ఇక్కడ కోత పాడుచేయడానికి కాదు, తెలుసుకోవడానికి.

శరీరం కోతకూ అదే వర్తిస్తుంది. సుశ్రుతుడు చెప్పిన పద్ధతిలోనైతే కత్తి కూడా లేదు: శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి పారే నీళ్లలో ఏడు రాత్రులు ఉంచి, బాగా నానాక వట్టివేళ్లు, వెదురు వంటివాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ చర్మం నుంచి ఒక్కో పొరా కళ్లారా చూడమన్నాడు.

మీ అమ్మాయికి ఇంకోటి చెప్పండి. రేపు ఎంబీబీఎస్‌లో చేరితే మొదటి ఏడాది అనాటమీలో చేసేది విచ్ఛేదనం, అంటే డిసెక్షన్. దాన్ని పోస్టుమార్టం అనకూడదు. పోస్టుమార్టం చావుకు కారణం తేల్చడానికి చేసేది. ఇక పంచనామాలో అసలు కోతే ఉండదు, సాక్షుల ఎదుట శవం ఎలా ఉందో, ఒంటిమీద గాయాలేమున్నాయో చూసి పోలీసులు రాసుకునే కాగితం అది.