అమ్మ మీద కైతలు రాస్తున్న, బంద్ చెయ్యాల్నా?

ప్రశ్న: అక్కా, నేను మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల లెక్కలు రాస్త. మా అమ్మ పోయి ఏడాది కావస్తుంది. ఆ రోజు పెద్దోళ్లంతా మగోడివి నువ్వే ఏడిస్తే ఎట్ల అన్నరు, అప్పటిసంది కండ్లల్ల నీళ్లు రాలే. అమ్మ నాట్లప్పుడు పాటలు పాడేది, ఊర్లె ఆమె గొంతుకు పేరుండె. ఇప్పుడు రాత్రిపూట ఫోన్ల ఆమె మీద కైతలు రాసుకుంటున్న, పొద్దుగూకంగ సాగర్ ఎడమ కాలువ గట్టు మీద ఒక్కన్నే తిరుగుతున్న. రాసిన కొద్ది బాధ పెరుగుతది బంద్ చెయ్ అంటడు మా దోస్తు. నిజమే, రాసిన రాత్రి నిద్ర పట్టదు. ఏం చెయ్యాలె?
– పేరు వద్దు, మిర్యాలగూడ

జవాబు: బంద్ చెయ్యకు తమ్ముడూ. మన దిక్కు ఆడోళ్లు శోకం పెట్టి ఏడుస్తరు చూసినవ్ గదా, ఊరికే ఏడ్వరు, పోయిన మనిషిని పిలుసుకుంట ఆ మనిషి చేసిన పనులు, తిన్నవి, అన్న మాటలు అన్నీ రాగం తీసి చెప్తరు, పక్కన కూసున్నోళ్లు అందుకుంటరు. నా లెక్కల అది గొప్ప కవిత్వం. మగోళ్లకు ఆ దారి మూసేసి దానికి ధైర్యమని పేరు పెట్టినం. నువ్వు ఫోన్ల రాసేది ఆ శోకమే.

మీ దోస్తు చెప్పింది సగం నిజం. జేమ్స్ పెన్నెబేకర్ అని అమెరికా సైకాలజిస్టు, 1986ల అచ్చయిన స్టడీల కాలేజీ పిల్లలతోని రోజుకు 15 నిమిషాలు, నాలుగు రోజులు తమకు తగిలిన పెద్ద దెబ్బ గురించి రాయించిండు. రాసిన పూట వాళ్ల మనసు ఇంకా పాడైంది, కానీ జరిగిందీ, అప్పుడు ఎట్లనిపించిందీ రెండూ రాసినోళ్లు తర్వాతి నెలల్ల డాక్టర్ దగ్గరికి పోవుడు తగ్గింది. తర్వాతి స్టడీలల్ల అంత లాభం కనబడలే, అందుకే దీన్నే మందు అనుకోకు. పండుకునే ముందు మాత్రం రాయకు, పొద్దున రాసి, తర్వాత నడువు.

రాసేటప్పుడు అమ్మ దేవత, అమ్మ త్యాగం అని పెద్ద మాటలు వద్దు. సద్దిగిన్నెల ఉల్లిగడ్డ ఎక్కడ పెట్టేది, బురదల దిగేముందు చీర ఎట్ల ఎగజెక్కుకునేది, పాటల ఏ చరణం కాడ ఊపిరి తీసుకునేది, అవి రాయి. ఏడుపొస్తే రానియ్యి, ఆపకు.

కాలువ గట్టు సంగతి. నడుసుడు మంచిదే, కానీ చీకటి పడ్డంక ఒక్కనివే నీళ్ల పొంటి వద్దు. సూటిగ చెప్తున్న, అమ్మ దగ్గరికే పోవాలనే ఆలోచన ఎప్పుడన్న వస్తే ఆ నిమిషమే 14416కు ఫోన్ చెయ్, టెలి మానస్ అని సర్కారుది, పైసల్లేవు, రాత్రీపగలూ ఉంటరు, తెలుగుల మాట్లాడొచ్చు. ఏడాది దాటినంక గూడ పని మీద మనసు పడకపోయినా, రోజంతా అదే యాదిలున్నా సైకియాట్రిస్టును కలువు, అట్ల ఆగిపోయిన దుఃఖాన్ని డాక్టర్లు ఇప్పుడు వైద్యం ఉన్న సమస్యగనే చూస్తున్నరు.

పెత్రమాస వస్తది గదా, పెద్దలకు పెట్టుకునేదీ ఎంగిలిపూల బతుకమ్మా ఒక్కనాడే. పొద్దున్నే చెలకల దిక్కు పోయి తంగేడు, గునుగు తెంపుకరా, పూలు తెచ్చుడు మన దిక్కు మగోళ్ల పనే. మైల ఉండి మీ ఇంట్ల పేర్చకపోతే వాడకట్టు పిల్లలకియ్యి. గునుగు ఏరుకుంట చెలకలపొంటి తిరుగుతుంటే అమ్మ పాటలు నోటికి వస్తయి, వస్తే గట్టిగనే పాడు.

ఇంకోటి, రాసినవి ఫోన్ల దాసకు, పెండ్లయి ఉంటే మీ ఇంటామెకు చదివి వినిపియ్యి. అత్త గురించి ఆమెకు గుర్తున్నవి నీకు తెల్వనివి చానా ఉంటయి, అవి అడిగి రాసుకో.